ఆప్షన్లు లేని లెక్క

ఎంసెట్ కోచింగ్‌లో కొత్తగా చేరిన లెక్కల లెక్చరర్‌కి వారం తిరక్కుండానే ఒక సంగతి అర్థమైపోతుంది. బోర్డు మీద లెక్క మొత్తం చేసి చూపిస్తే పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. అదే లెక్కకి పది సెకన్లలో జవాబు చెప్పేస్తే చప్పట్లు కొడతారు. ఆ చప్పట్ల కోసం నేను ఇరవై తొమ్మిదేళ్ళు బతికాను.

ఏలూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఎన్ని ర్యాంకులు తెప్పించాను, నన్ను వైస్ ప్రిన్సిపాల్‌ని ఎప్పుడు చేశారు, ఇవేవీ ఇక్కడ రాయను. కావలసినవాళ్ళకి ఆ కాలేజీ గోడల మీద ఫ్లెక్సీలున్నాయి, చదువుకోవచ్చు. ఈ మధ్య ఇద్దరు కుర్ర లెక్చరర్లు మా ఇంటికొచ్చి, "మీ టెక్నిక్కులన్నీ ఎక్కడైనా రాసి పెట్టండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. సరే, రాస్తున్నాను. టెక్నిక్కులూ రాస్తాను, వాటితో నేను చేసిన నిర్వాకమూ రాస్తాను. రెండోది వదిలేసి మొదటిది మాత్రం చదువుకున్నారంటే మీరూ నాలాగే తయారవుతారు.

మా నాన్నగారు గుండుగొలనులో పౌరోహిత్యం చేసేవారు. పెళ్ళిలో మంత్రం ఎక్కడైనా జారిందనిపిస్తే మళ్ళీ మొదటినుంచి అందుకునేవారు. జారిందని అక్కడున్న ఒక్కరికీ తెలిసేది కాదు. భోజనాలకి ఆలస్యమవుతోందని ఆడపెళ్ళివారు గొణిగినా ఆయన వినిపించుకునేవారు కాదు. ఆయన కడుపున పుట్టి నేను చేసిన ఉద్యోగం, మధ్యలోవన్నీ వదిలేసి చివరికి గెంతడం ఎలాగో నేర్పడం.

వెనకనుంచి మాస్టారు

ఇది పిల్లలు నాకు పెట్టిన పేరు. ప్రశ్న కింద నాలుగు ఆప్షన్లు ఉంటాయి కదా, అక్కడినుంచి మొదలుపెట్టి వెనక్కి రావడం నా పద్ధతి. లెక్క చెయ్యక్కర్లేదు. తప్పు ఆప్షన్లు మూడు కొట్టేస్తే చాలు.

ఉదాహరణకి ఒకటిని రెండుతో హెచ్చవేసి, రెండుని మూడుతో హెచ్చవేసి, అలా ఎన్ పదాలు కూడితే ఎంత అని అడుగుతాడు. పద్ధతిగా చేస్తే పావుపేజీ. నా పద్ధతిలో ఎన్ స్థానంలో ఒక చిన్న అంకె వేసి ఆప్షన్లలో ఏది సరిపోతుందో చూడడమే. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎన్ స్థానంలో ఒకటి వేశారనుకోండి, తరచు రెండు మూడు ఆప్షన్లు నిలబడిపోతాయి. ప్రశ్న తయారుచేసేవాడు కూడా తెలివైనవాడే. అందుకని రెండు వెయ్యాలి. రెండు వేస్తే మొత్తం ఎనిమిది రావాలి, ఒక్క ఆప్షనే నిలుస్తుంది.

ట్రిగనామెట్రీలో తీటాకి నలభై అయిదు డిగ్రీలు వెయ్యకూడదు. పిల్లలకి అదే ఇష్టం, ఎందుకంటే సులువు. కానీ అక్కడ సైను, కాసూ సమానం, టానూ కాటూ సమానం, ఇంక ఏ ఆప్షన్ ఏదో ఎలా తెలుస్తుంది. ముప్ఫై వెయ్యాలి. ఫిజిక్సులో లెక్క రాకపోతే యూనిట్లు చూడాలి. కాలం ఎంత అని అడిగితే, సెకన్లు రాని ఆప్షన్లని కళ్ళుమూసుకుని కొట్టేయవచ్చు, సగం ప్రశ్నల్లో రెండు ఆప్షన్లు అలానే పోతాయి.

ఇక పరీక్ష రాసే వరస. ముందు కెమిస్ట్రీ, ఎందుకంటే అది వస్తే వస్తుంది, రాకపోతే ఆలోచించినా రాదు, కనక త్వరగా తేలిపోతుంది. తర్వాత లెక్కలు, మూడు గంటల్లో సగానికి పైన దానికే. చివర్న ఫిజిక్సు. ఎంసెట్‌లో తప్పుకి మార్కులు కోత లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు. కోత ఉన్న పరీక్షల్లో, రెండు ఆప్షన్లయినా కొట్టేయలేకపోతే ముట్టుకోకూడదు. ఈ తేడా తెలియక మంచి పిల్లలు దెబ్బతినడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇవన్నీ పనిచేస్తాయి. పనిచెయ్యవని చెప్పి పెద్దమనిషిలా నటించను. లెక్క వచ్చిన పిల్లవాడికి ఇవి నిజంగా టైము మిగులుస్తాయి. నేను వీటిని లెక్క రాని పిల్లలకి లెక్కకి బదులుగా చెప్పాను. నా వృత్తిలో నేను చేసిన పాపం అది, దాన్ని నేను రెండు దశాబ్దాలు తెలివితేటలనుకున్నాను.

ఎర్ర స్కెచ్ పెన్ను

మా కాలేజీలో ప్రతి ఆదివారం టెస్టు. సోమవారం ప్రేయరు దగ్గర మార్కులు చదివి సెక్షన్లు మార్చేవాళ్ళం. ఎ నుంచి సికి పడినవాళ్ళు అందరి ముందూ సంచి భుజాన వేసుకుని వరస మారేవాళ్ళు. ఈ ఆలోచన నాది కాదు. కానీ ఆ మార్కులు మైకులో చదివే గొంతు నాది.

సి సెక్షన్‌కి మొదటిరోజు నేనొక తంతు జరిపించేవాణ్ణి. అందరూ లెక్కల పుస్తకమూ, ఎర్ర స్కెచ్ పెన్నూ తెచ్చుకోవాలి. విషయసూచిక తీయమనేవాణ్ణి. పాత పరీక్షల్లో ఏ పాఠం నుంచి ఎన్ని ప్రశ్నలు వచ్చాయో నా దగ్గర పట్టిక ఉండేది. ఎక్కువ శ్రమా తక్కువ ప్రశ్నలూ ఉన్న పాఠాల పేర్లు నేను చదువుతూ ఉంటే వాళ్ళు ఎర్ర గీత కొట్టేసేవాళ్ళు. "ఇంక వీటి మొహం చూడక్కర్లేదు" అనేవాణ్ణి. పిల్లల మొహాలు వెలిగిపోయేవి. బరువు దిగినట్టు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆ నవ్వులు చూసి నేను పిల్లల కష్టం తీర్చాననుకున్నాను. ఎ సెక్షన్‌లో మాత్రం ఒక్క గీతా కొట్టించలేదు. వాళ్ళకి ప్రతి పాఠమూ చెప్పాను. అంటే లెక్కలు ఎవరికి అవసరమో వాళ్ళకి చెప్పకుండా, చెప్పకపోయినా వచ్చేవాళ్ళకి చెప్పాను. ఇప్పుడిది రాస్తుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం ప్లానింగ్ అనిపించింది.

కృష్ణమోహన్ గారి పీరియడ్

మా ఫిజిక్స్ లెక్చరర్ కృష్ణమోహన్ గారిది తాడేపల్లిగూడెం. రోజూ పాసింజరు బండిలో వచ్చేవారు. ఆయన సి సెక్షన్‌కి కూడా దారం కట్టిన గుండు, స్టాప్‌వాచ్ తీసుకెళ్ళి లోలకం ఊపి చూపించేవారు. దారం పొడుగు నాలుగింతలు చేస్తే ఊగే కాలం రెండింతలే ఎందుకయిందో వాళ్ళ చేతే చెప్పించేదాకా వదిలేవారు కాదు. అందువల్ల సిలబస్ ఎప్పుడూ వెనకబడి ఉండేది.

ఒకరోజు ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "సి సెక్షన్‌కి ఫిజిక్సు రోజుకి రెండు పీరియడ్లు దండగేమోనండీ, మీరేమంటారు?" అని అడిగారు. ఆయన మంచివాడో చెడ్డవాడో నేను చెప్పలేను. అడిగినప్పుడు ఎదుటివాడి మాట వినే మనిషి. అది చాలు ఆయన గురించి. ఆ రోజు నేను కాదని ఉంటే ఆ రెండో పీరియడ్ నిలిచేది.

"దండగేనండి. ఆ పిల్లలకి ఫిజిక్సు రాదు. అందులో ఒకటి నాకిస్తే లెక్కల్లో పది మార్కులు పెంచుతాను" అన్నాను.

పీరియడ్ నాకొచ్చింది. కృష్ణమోహన్ గారు గొడవ చెయ్యలేదు. స్టాఫ్ రూమ్‌లో టిఫిన్ డబ్బా మూత పెడుతూ మెల్లగా అడిగారు.

"మీరు వాళ్ళకి ర్యాంకు తెప్పిస్తారండి, నాకేం అనుమానం లేదు. తర్వాత నాలుగేళ్ళు వాళ్ళేం చదువుతారండీ?"

"అది ఇంజినీరింగ్ కాలేజీవాళ్ళు చూసుకుంటారు లెండి" అన్నాను.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన డబ్బా సంచిలో పెట్టుకుని క్లాసుకి వెళ్ళిపోయారు. ఆయన అడిగింది ప్రశ్న, నేను చెప్పింది వెటకారం. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

హారిక

ఆ ఏడాది సి సెక్షన్‌లో హారిక అనే అమ్మాయి ఉండేది. మండవల్లి నుంచి వచ్చి మా హాస్టల్లో ఉండేది. వాళ్ళకి కొంచెం వరి పొలం, చుట్టూ ఉన్నవన్నీ చేపల చెరువులు. తండ్రి వ్యవసాయం చేసేవాడు. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఈ అమ్మాయే. ఇంజినీరింగ్ ఎందుకమ్మా అని ఒకసారి అడిగితే, "చెరువుల్లో నీళ్ళు చిమ్మే మిషన్లుంటాయి కదండి సార్, ఏరేటర్లు, అవి ఊరికే కాలిపోతుంటాయండి. ఎందుకు కాలిపోతాయో ఎవరూ చెప్పరండి" అంది. అలాంటి పిల్లకి నేను ఫిజిక్సు పీరియడ్ తీసేశాను.

హారిక నిదానం. ఆదివారం టెస్టులో సగం ప్రశ్నలు ముట్టుకునేది కాదు. కానీ ముట్టుకున్నది తప్పయ్యేది కాదు. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఆ పేపరు చూస్తే తెలియాలి, ఈ పిల్లకి లెక్క రాక కాదు, తెలియనిది రాయడం ఇష్టం లేక వదిలేస్తోందని. నేను మార్కులు చూశాను తప్ప పేపరు చూడలేదు.

ఒకరోజు ఇందాక చెప్పిన లెక్కే బోర్డు మీద చేశాను. ఎన్‌కి రెండు వేశాను, ఎనిమిది వచ్చింది, మూడో ఆప్షన్ అన్నాను. చప్పట్లు పడ్డాయి. హారిక లేచి నిలబడింది.

"రెండుకి సరిపోతే అన్నిటికీ సరిపోతుందని ఎలాగండి సార్?"

చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు ఒక్క నిమిషం. అన్నిటికీ సరిపోతుందని మనం తేల్చలేదమ్మా, మిగతా మూడూ తప్పని తేల్చాం, నాలుగింట్లో ఒకటి ఒప్పని ప్రశ్నపత్రం ఇచ్చినవాడి హామీ మీద బతుకుతున్నాం, ఆ హామీ లేనిచోట ఈ పద్ధతి పనికిరాదు. ఇంతే చెప్పాలి. చెప్పి ఉంటే క్లాసు మొత్తానికి కళ్ళు తెరుచుకునేవి. నేను అలా చెయ్యలేదు.

"ముందు ర్యాంకు తెచ్చుకోమ్మా. వచ్చాక తీరిగ్గా అడుగు, ఇద్దరం కూర్చుని ఎందుకో ఎందుకో అని పాడుకుందాం" అన్నాను.

క్లాసంతా నవ్వింది. హారిక కూడా నవ్వి కూర్చుంది. ఆ తర్వాత ఎప్పుడూ లేవలేదు. రెండు నెలలు తిరిగేసరికి ఆదివారం టెస్టులో అన్ని ప్రశ్నలకీ జవాబులు పెట్టడం మొదలుపెట్టింది, మార్కులు పెరిగాయి. ఆ మార్పు చూసి నేను గర్వపడి, స్టాఫ్ రూమ్‌లో ఆ పిల్ల పేరు ఉదాహరణగా చెప్పుకున్నాను.

వాళ్ళ నాన్న ఒక ఆదివారం కూతురికి చేపల పులుసు కారియర్ తీసుకొచ్చి, గేటు దగ్గర నన్ను చూసి చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మా అమ్మాయికి లెక్కలు వచ్చేస్తాయాండీ?"

"ర్యాంకు వచ్చేస్తుందండి, మీరేం బెంగపెట్టుకోకండి" అన్నాను.

ఆయన అడిగినది ఒకటి, నేను చెప్పింది ఒకటి. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళాడు. ర్యాంకు వచ్చింది. తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ సీటు వచ్చింది.

గూడెం నుంచి వచ్చిన పేపరు

మరుసటి ఏడు ఒక మధ్యాహ్నం హారిక మా కాలేజీకి వచ్చింది. చిక్కిపోయి ఉంది. పలకరింపులయ్యాక ఫైలులోంచి వాళ్ళ మొదటి సెమిస్టర్ లెక్కల పేపరు తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఆప్షన్లు లేవండి సార్" అంది.

ఫిర్యాదుగా అనలేదు. వాన పడుతోందండి అన్నట్టు మామూలుగా అంది. ఒక ప్రశ్న మీద వేలు పెట్టింది. ఎ, బి అనే రెండు సంఖ్యలు, రెండూ సున్నాకి తగ్గనివి, ఎ కంటె బి పెద్దది. బి కి టాన్ ఇన్వర్స్ లోంచి ఎ కి టాన్ ఇన్వర్స్ తీసేస్తే వచ్చేది, పేపర్లో ఇచ్చిన రెండు విలువల మధ్య ఉంటుందని చూపించండి. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో అందరూ చేసే లెక్క.

నేను అలవాటుగా కాగితం లాక్కున్నాను. ఎ కి సున్నా, బి కి ఒకటి వేశాను. ఒక పక్క అర, ఒక పక్క ఒకటి వచ్చాయి, మధ్యలోది పాయింట్ డెబ్భై ఎనిమిది చిల్లర. "చూశావా, మధ్యలోనే ఉంది" అన్నాను.

హారిక కాగితంకేసి చూసింది. "అది ఒక్కదానికే కదండి సార్. అన్నిటికీ చూపించమంటున్నారండి."

కలం పట్టుకుని కూర్చున్నాను. ఇంకో రెండు అంకెలు వేద్దామా అనిపించింది తప్ప వేరే ఏదీ తోచలేదు. ఎమ్మెస్సీ లెక్కలు చదివినవాణ్ణి, ఇరవై చిల్లర ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, ఒక నిరూపణకి మొదటి వాక్యం రాయడం చేతకాలేదు. ఎదురుగా ఆ పిల్ల ఓపిగ్గా నిలబడి ఉంది.

"ర్యాంకు వచ్చాక అడగమన్నారు కదండి" అంది. దెప్పిపొడుపు కాదది. అవును మరి, నేనే అన్నాను.

"క్లాసుకి టైమైందమ్మా. రేపు మధ్యాహ్నం రా, మొత్తం పేపరు చేద్దాం" అన్నాను. నిజానికి అప్పుడు నాకు క్లాసు లేదు. ఆ పిల్ల మొహం విప్పారింది. "వస్తానండి సార్, సప్లిమెంటరీ ఇంకా మూడు వారాలుందండి, ఈసారి పోతే రెండోసారి పోయినట్టండి" అని చెప్పి రైలుకి వెళ్ళింది.

స్టాఫ్ రూమ్ కిటికీ

ఇంటికెళ్ళి పుస్తకం తీశాను. పావుగంటలో దొరికింది. నాలుగు వరసల నిరూపణ. మీన్ వాల్యూ సిద్ధాంతం ఒక్కసారి వాడితే అయిపోతుంది. ఆ సిద్ధాంతం ఇంటర్ మొదటి ఏడాది పుస్తకంలోనే ఉంది. విషయసూచికలో ఆ పాఠం పేరు మీద నా ఎర్ర గీత ఉంది.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. నాకు లెక్క రాదని కాదు, అది వచ్చేసింది. ఈ నాలుగు వరసలూ ఆ పిల్లకి చెబితే, ఇదెక్కడుందండి సార్ అని అడుగుతుంది. అడిగితే, నీ పుస్తకంలోనే ఉందమ్మా, నేనే కొట్టేయించాను అని చెప్పాలి. అంతటితో ఆగదు. ఆ పేపర్లో ప్రతి ప్రశ్నా తవ్వుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట నా గీత తగులుతుంది. మూడు వారాలు రోజూ నా ఎదురుగా కూర్చుని ఆ పిల్ల నా నిర్వాకం ఒక్కో పేజీ చూస్తుంది. ఆ అవమానం నేను పడలేననుకున్నాను.

మర్నాడు అటెండర్ వీర్రాజుని పిలిచి, "మధ్యాహ్నం హారిక అని పాత స్టూడెంట్ వస్తుంది, నేను భీమవరం వెళ్ళానని చెప్పు" అన్నాను.

"ఎప్పుడొస్తారంటే ఏం చెప్పమంటారండి?"

"తెలియదని చెప్పు."

ఆ అమ్మాయి ఒంటిగంటకి వచ్చింది. మేడ మీద స్టాఫ్ రూమ్ కిటికీలోంచి నాకు గేటు కనిపిస్తుంది. వీర్రాజు ఏదో చెప్పాడు. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. గేటు పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం బండి టైము దాకా కూర్చుంది. మధ్యలో రెండుసార్లు లేచి వీర్రాజు దగ్గరికి వెళ్ళి అడిగింది. నేను ఆ పూట క్లాసుకి వెనక మెట్లమీదుగా వెళ్ళి, వెనక మెట్లమీదుగానే వచ్చాను. యాభై దాటిన మనిషిని, ఒక ఆడపిల్లకి కనబడకుండా మెట్లు చాటు చేసుకుని తిరిగాను.

హారిక మళ్ళీ రాలేదు. మరో ఏడాదికి వాళ్ళ బ్యాచి పిల్లవాడొకడు సర్టిఫికెట్ కోసం వచ్చి, మాటల్లో చెప్పాడు. "హారిక మానేసిందండి సార్. లెక్కలూ ఫిజిక్సూ ఉండిపోయాయండి. ఊరెళ్ళిపోయింది." నేను అయ్యో అన్నాను. ఆ అయ్యో అన్నంత సులువుగా మరో సంవత్సరం ఎర్ర గీతలు కొట్టించాను కూడా. మారిపోయానని రాసుకోవాలని ఉంది. మారలేదు. రిటైరయ్యేదాకా అదే చేశాను, కాకపోతే గీతలు కొట్టించేటప్పుడు పిల్లల మొహాలు చూడడం మానేశాను.

కొత్తగా వచ్చినవాళ్ళకి

మీరడిగిన టెక్నిక్కులు పైన ఉన్నాయి, వాడుకోండి. అయితే ఏ లెక్కనైనా ముందు బోర్డు మీద పూర్తిగా చెయ్యండి, పిల్లల చేత చేయించండి, ఆ తర్వాత ఆప్షన్ల దారి చూపించండి. టైము సరిపోదంటారు. సరిపోదు, నాకు తెలుసు. అయినా సి సెక్షన్‌కే ముందు అలా చెప్పండి, ఎ సెక్షన్‌వాళ్ళు ఎలాగూ చదువుకుంటారు. ఒక పాఠం వదలక తప్పకపోతే, ఇది పరీక్ష కోసం వదులుతున్నాం, ఫలితాలకీ కాలేజీకీ మధ్య సెలవుల్లో చదువుకోవాలి అని పిల్లలకి చెప్పి వదలండి. నేను చెప్పినట్టు దాని మొహం చూడక్కర్లేదని మాత్రం చెప్పకండి.

జవాబు పత్రంలో మార్కులు కాదు, ఏవి వదిలేశారో చూడండి. తెలియనిది వదిలేసే పిల్లలు కొందరుంటారు. వాళ్ళ చేత గుడ్డిగా పెట్టించడం పరీక్ష ముందు నెలలో నేర్పితే చాలు. మొదటి నెలలోనే నేర్పితే వాళ్ళకి తెలిసినదేదో తెలియనిదేదో వాళ్ళకే తేడా తెలియకుండా పోతుంది. ఇక మీకు ఏదైనా లెక్క రాకపోతే ఏం చెయ్యాలన్నది నేను చెప్పలేను. ఆ విషయంలో నేనేం చేశానో చదివారు కదా.

మండవల్లి

రిటైరైన ఏడాది ఒకరోజు పొద్దున్నే ఏలూరులో కైకలూరు బస్సెక్కాను. అక్కడినుంచి ఆటోలో మండవల్లి. హారిక ఎక్కడుంటుందని అడిగితే ఆక్వా ల్యాబ్‌కి దారి చూపించారు. రోడ్డు పక్కన ఒక గది. చెరువుల రైతులు నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి వరసగా నిలబడ్డారు. హారిక ఆ నీళ్ళు గాజుగొట్టాల్లో పోసి, చుక్కలు వేసి, రంగు చూసి చీటీ రాస్తోంది.

నన్ను చూసి గబగబా బయటికొచ్చింది. "సార్, మీరాండీ? ఇలా వచ్చారేంటండీ? కూర్చోండి, కూర్చోండి." గదిలోకి తీసుకెళ్ళి కుర్చీ తుడిచి వేసింది. టీ తెమ్మని పక్క కొట్టుకి కేకేసింది. రైతుల వంక తిరిగి, "మా లెక్కల సారండి, ఏలూరులో చాలా పెద్ద సారండి" అని చెప్పింది. వాళ్ళు నాకు దణ్ణం పెట్టారు. నాకు ఆ కుర్చీలోంచి లేచిపోవాలనిపించింది.

చదువు సంగతి నేనే ఎత్తాను. ఆ అమ్మాయి ఇంకో గాజుగొట్టంలో నీళ్ళు పోస్తూ నవ్వింది.

"నాకు ఎక్కలేదండి సార్. మీరు బాగానే చెప్పారండి, నాకే బుర్ర లేదండి."

సొంత అభిప్రాయంలా అంది. చాలాసార్లు అనుకుని అనుకుని నున్నబడిపోయిన మాట అది. ఇంక ఆగలేకపోయాను.

"హారికా, ఆ రోజు నేను భీమవరం వెళ్ళలేదమ్మా. మేడమీదే ఉన్నాను. నువ్వు సాయంత్రందాకా బల్లమీద కూర్చోవడం చూస్తూనే ఉన్నాను."

ఆ అమ్మాయి చేతిలో గొట్టం అలాగే ఉండిపోయింది.

"ముందురోజు నువ్వడిగిన లెక్క నాకు రాలేదు. మర్నాటికి వచ్చింది. అది నేను మీ చేత కొట్టేయించిన పాఠంలోది. నీకా సంగతి చెప్పాల్సొస్తుందని దాక్కున్నాను."

"మీకు రాలేదాండీ?" అంది. నేను చెప్పినవాటన్నిటిలో ఆ ఒక్క ముక్కే పట్టుకుంది.

"ఆ రోజు రాలేదమ్మా."

బయట వరసలో ఎవరో దగ్గారు. ఆ అమ్మాయి గొట్టం స్టాండులో పెట్టి, చున్నీతో చేతులు తుడుచుకుంది. కోపం లేదు మొహంలో. అది ఉన్నా బాగుండేది.

"ఆ మాట ఆ రోజే అనేస్తే సరిపోయేదండి సార్" అంది. "సార్‌కి ఇట్టే వచ్చేస్తుంది, నాకొక్కదానికే రావట్లేదని అనుకునే మానేశానండి."

టీ వచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి, "వేడిగా ఉందండి, మెల్లగా తాగండి" అని చెప్పి, వరసలో ముందున్న రైతు దగ్గర సీసా తీసుకుంది.